ఒక్క ఫీల్డ్ గోల్, 20 పంట్లు: 2008 సన్ బౌల్ నిజంగా గొప్ప ఆటేనా?

ప్రశ్న: "ఈ ఏడాదే ఎమ్మెస్‌కి అమెరికాలో కోర్వాలిస్ ఊళ్లోని ఒరెగన్ స్టేట్ యూనివర్సిటీకి వచ్చాను. మా ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దాయన ఒకరున్నారు. తాను చూసిన గొప్ప అమెరికన్ ఫుట్‌బాల్ ఆటల్లో 2008 సన్ బౌల్ ఒకటని చెప్తారు. ఒరెగన్ స్టేట్ 3, పిట్స్‌బర్గ్ 0. ఆసక్తి పుట్టి హైలైట్స్ పెట్టుకుంటే బంతిని కాలితో తన్నడం తప్ప ఏమీ కనబడలేదు. ఒక్క టచ్‌డౌన్ కూడా, అంటే బంతిని మైదానం అవతలి కొసనున్న ఎండ్ జోన్‌లోకి చేర్చడం కూడా, లేని ఆట ఎలా గొప్పదవుతుంది? ఆయనది సొంత జట్టు మీద అభిమానమా, లేక నాకే చూడటం రావట్లేదా?"

ఆయనది అభిమానమే, కాదనను. నాకూ ఉంది. కానీ ఆ ఆట గొప్పదని అభిమానం పక్కన పెట్టినా చెప్పగలను. (సన్ బౌల్, రోజ్ బౌల్ లాంటి బౌల్ ఆటలంటే సీజన్ ముగిశాక ఎంపికైన కాలేజీ జట్లు ఆడేవి.) మీకొచ్చిన చిక్కల్లా హైలైట్స్‌తో. పాయింట్లు వచ్చిన ఘట్టాలనే ఏరి కూర్చుతారు కాబట్టి 3-0 ఆటని హైలైట్స్‌లో చూస్తే ఖాళీ పళ్లెంలాగే కనబడుతుంది. అందులో జరిగిందంతా ఏరివేతలో పోయిన భాగంలో ఉంది.

నేనూ మీలాగే 2007లో కోర్వాలిస్ వచ్చి చదువుకున్నవాణ్ణి. వచ్చేనాటికి ఈ ఆటలో ఏ జట్టు ఎటు వెళ్తుందో కూడా తెలియదు. అప్పట్నుంచి ఒరెగన్ స్టేట్ ఆటలు వదలకుండా చూస్తున్నాను, మా ఊళ్లో పిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్టుకి నాలుగేళ్లు కోచ్‌కి తోడుగా పనిచేశాను. ఆ సన్ బౌల్‌ని 2008 డిసెంబరు 31న పగటిపూట అపార్ట్‌మెంటులో నలుగురం కూర్చుని టీవీలో చూశాం. సాయంత్రం న్యూ ఇయర్ పార్టీకి వెళ్లాలి, వంట సగంలో ఉంది. మా రూమ్మేట్ ఒకడు రెండో క్వార్టర్‌లో లేచి ఉల్లిపాయలు తరగడానికి వెళ్లాడు. ఆ ఆటలో వచ్చిన మూడు పాయింట్లూ అప్పుడే వచ్చాయి, ఒక్క ఫీల్డ్ గోల్‌తో, అంటే బంతిని గోల్ కంబాల మధ్యలోంచి తన్ని. మిగతావాళ్లం అరిచిన అరుపుకి కత్తి చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు.

ఆ మూడు పాయింట్ల విలువ తెలియాలంటే నెల రోజులు వెనక్కి వెళ్లాలి. ఆట గురించి చెప్పేముందు ఇది చెప్పకపోతే కుదరదు.

2008 సీజన్‌లో ఒరెగన్ స్టేట్ మొదటి రెండు ఆటలూ ఓడింది. స్టాన్‌ఫర్డ్ చేతిలో ఒకటి, పెన్ స్టేట్ చేతిలో 45-14తో ఇంకోటి. ఇంక ఈ ఏడాది ఇంతే అనుకున్నారంతా. తర్వాత సెప్టెంబరు 25న, గురువారం రాత్రి, దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) జట్టు కోర్వాలిస్ వచ్చింది. జక్విజ్ రాడ్జర్స్ అని అప్పుడే హైస్కూల్ ముగించుకుని వచ్చిన కుర్రాడు, పొట్టివాడు, యూఎస్‌సీ డిఫెన్స్ మధ్యలోంచి 186 యార్డులు పరిగెత్తాడు. 27-21తో గెలిచాం. ఆ రాత్రి ఊరు నిద్రపోలేదు. తర్వాతి వారం యూటా చేతిలో ఓడినా, అక్కణ్ణుంచి గెలుపు మీద గెలుపు. సీజన్ ఆఖరి ఆట కూడా గెలిస్తే రోజ్ బౌల్‌కి వెళ్తాం. ఒరెగన్ స్టేట్ చివరిసారి రోజ్ బౌల్ ఆడింది 1965 జనవరి 1న. మీ ల్యాబ్ పెద్దాయన చిన్నతనంలో మాట అది.

ఆ ఆఖరి ఆట ఒరెగన్ విశ్వవిద్యాలయంతో. నలభై మైళ్ల దూరంలోని యూజీన్ జట్టు, వందేళ్లకు పైబడిన పోటీ. అప్పట్లో దాన్ని సివిల్ వార్ అనేవాళ్లు, 2020లో ఆ పేరు మానేశారు. నవంబరు 29న రీసర్ స్టేడియంలో నేను విద్యార్థుల వైపు స్టాండ్స్‌లో ఉన్నాను. ఒరెగన్ 65, ఒరెగన్ స్టేట్ 38. మా సొంత మైదానంలో, మా కళ్ల ముందు, అరవై అయిదు పాయింట్లు. నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలైంది. మూడో క్వార్టర్ తర్వాత జనం లేచి వెళ్లిపోతుంటే మా పక్కన కూర్చున్న ఓ ముసలాయన మాత్రం టోపీ ఒళ్లో పెట్టుకుని చివరిదాకా అలాగే కూర్చున్నాడు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

అలా 65 పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్ దాని తర్వాత ఆడిన మొదటి ఆటే ఎల్ పాసోలోని సన్ బౌల్. అందులో ఇచ్చింది సున్నా.

నా మటుకు నాకు ఈ ఆట గొప్పతనం ఇక్కడే మొదలవుతుంది. అదే పదకొండు మంది, డిఫెన్స్ పథకాలు వేసే అదే కోచ్ (డిఫెన్సివ్ కోఆర్డినేటర్) మార్క్ బ్యాంకర్, మధ్యలో నెల రోజులు. ఇంట ఓడి రచ్చ గెలిచారు. పాయింట్లు రాని ఆట అని మీరు చూసినదాన్ని మేం ఒక్కో డౌన్‌కీ, అంటే ఒక్కో ప్రయత్నానికీ, ఊపిరి బిగబట్టి చూశాం. ఈ డిఫెన్స్ తన పరువు తాను తిరిగి తెచ్చుకుంటుందా లేదా అన్నదే మా ముందున్న ప్రశ్న.

ఇక ఎదుటివాళ్లు. పిట్స్‌బర్గ్ పాయింట్లు చేయలేని జట్టేం కాదు. అదే ఏడాది నవంబరు 1న నోటర్ డామ్ మైదానంలో నాలుగు ఓవర్‌టైమ్‌లు ఆడి 36-33తో గెలిచొచ్చారు. వాళ్ల రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు, లషాన్ మెకాయ్ ఆ సీజన్‌లో 21 టచ్‌డౌన్లు పరిగెత్తాడు. తర్వాత వృత్తి ఆటగాడిగా ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టులో ఎంత పేరు తెచ్చుకున్నాడో మీరు వినే ఉంటారు. మెకాయ్ కాలేజీలో ఆడిన చివరి ఆట ఇదే. బంతి అందుకుని ఒక అడుగు ఆగి, సందు ఎక్కడ తెరుచుకుంటుందో చూసి, పక్కకి ఒక్క గెంతు గెంతేవాడు. ఎదురుగా ఉన్నవాడు గాలిని పట్టుకునేవాడు. అలాంటివాణ్ణి ఆ రోజు 85 యార్డుల దగ్గర ఆపారు. ఎండ్ జోన్‌లో కాలు మోపనివ్వలేదు.

మా వైపు ఉన్న లోటు అంతకన్నా పెద్దది. జక్విజ్ రాడ్జర్స్‌కి భుజం దెబ్బ. వాళ్లన్న జేమ్స్ రాడ్జర్స్, జట్టులో అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడు, అతనికి భుజం దగ్గరి కాలర్ ఎముక విరిగింది. అన్నదమ్ములిద్దరూ టెక్సస్ వాళ్లు, ఆట జరుగుతున్నదీ టెక్సస్‌లోనే, ఇద్దరూ ఆడలేదు. జట్టు పాయింట్లలో వాళ్లిద్దరి వాటా ఎంతో ఆ సీజన్ చూసినవాళ్లకి తెలుసు. పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్ లైల్ మొయెవావో కూడా ఆ సీజన్‌లో భుజం నొప్పితో కొన్ని ఆటలకి దూరమైనవాడే. సన్ బౌల్ అయ్యాక ఆ భుజానికి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. అంటే బంతి విసిరే భుజం సరిగా లేదు, బంతి పట్టుకుని పరిగెత్తే ఇద్దరూ లేరు. ఇలాంటి రోజున జట్టు ఎలా గెలుస్తుంది? ఇరవై పాయింట్లు చేయలేమని తెలిసిన కోచ్ ఏం చేస్తాడు? ఎదుటివాళ్లకి కూడా రానివ్వకుండా చూస్తాడు. మా కోచ్ మైక్ రైలీ చేసింది అదే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకొస్తాను. బంతిని తన్నడం, అంటే పంట్, తప్ప ఏమీ కనబడలేదన్నారు కదా. ఆ రోజు రెండు జట్లూ కలిపి 20 పంట్లు కొట్టాయి, చెరో పది. నేను మిమ్మల్ని చూడమనేది సరిగ్గా వాటినే.

నియమం మీకు తెలిసే ఉంటుంది, అయినా ఒక్క మాట. పది యార్డులు ముందుకెళ్లడానికి నాలుగు ప్రయత్నాలు, వాటినే డౌన్లంటారు. మూడు ప్రయత్నాల్లో పది రాకపోతే నాలుగోదాన్ని సాధారణంగా పంట్‌కి వాడతారు. బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకి అప్పజెప్తారు. కొత్తగా చూసేవాళ్లకి ఇది ఓటమి ఒప్పుకోవడంలా కనిపిస్తుంది. మొదట్లో నాకూ అలాగే అనిపించేది. ఒకసారి కబడ్డీ ఆడిన మా స్నేహితుడికి వివరిస్తూ నాకే అర్థమైంది. రైడర్ పాయింటు తేకుండా వెనక్కి రావడం కూడా ఒక ఆటే. ఎవరూ చిక్కకుండా, కాలం గడిపి, తర్వాతి రైడ్‌లో ఎదుటివాణ్ణి ఇరకాటంలో పెట్టడానికి ఖాళీగా వస్తాడు. పంట్ కూడా అంతే. మనకి పాయింట్లు రాలేదు సరే, ఎదుటివాడు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో మనం నిర్ణయిస్తాం.

మైదానం వంద యార్డులు. మీ సొంత 10 యార్డుల గీత దగ్గర బంతి ఉంటే టచ్‌డౌన్‌కి తొంభై యార్డులు వెళ్లాలి. వెనక మీ ఎండ్ జోన్ నోరు తెరుచుకుని ఉంటుంది. అక్కడ మిమ్మల్ని పడేస్తే ఎదుటివాళ్లకి రెండు పాయింట్లు. 3-0 ఆటలో ఆ రెండు పాయింట్లు ఎంతో ఆలోచించండి. అందుకని కోచ్ సాహసం చేయడు, రెండుసార్లు మధ్యలోకి పరిగెత్తించి, ఒక చిన్న పాస్ వేయించి, పంట్ కొట్టిస్తాడు. ఎండ్ జోన్ గీతల్లో నిలబడి కొట్టిన పంట్ మైదానం మధ్యకి కూడా చేరకపోవచ్చు. ఇప్పుడు ఎదుటివాళ్లు మొదలుపెట్టేదే నడి మైదానంలో. ఇరవై, ఇరవై అయిదు యార్డులు వెళ్తే చాలు, ఫీల్డ్ గోల్ దూరంలోకి వచ్చేస్తారు. తెలిసిందా? పాయింట్లు పుట్టింది ఆ ఫీల్డ్ గోల్‌లో కాదు, అంతకు రెండు పంట్ల ముందు.

లెక్క వేసి చూపిస్తాను. ఒక జట్టు పంటర్ ఎదుటివాడికన్నా పంట్‌కి అయిదు యార్డులు మెరుగనుకోండి, పంట్ అందుకున్నవాడు తిరిగి పరిగెత్తిన దూరం తీసేశాక. అయిదు యార్డులంటే మన హాల్లో సోఫా నుంచి టీవీ వరకు, అంతే. పది పంట్లకి యాభై యార్డులు. సగం మైదానం. ఎవరూ పరిగెత్తకుండా, ఎవరూ పాస్ పట్టకుండా, హైలైట్స్‌లో ఒక్క క్షణం కూడా కనబడకుండా సగం మైదానం చేతులు మారింది.

ఆ ఏడాది ఒరెగన్ స్టేట్ పంటర్ జానీ హెకర్. అప్పుడే కాలేజీలో చేరిన కుర్రాడు. తర్వాత వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో రామ్స్ జట్టుకి ఆడి నాలుగుసార్లు ఆల్-ప్రో మొదటి జట్టులో, అంటే ఆ ఏడాది లీగ్‌లోని ఉత్తమ ఆటగాళ్ల జాబితాలో, స్థానం తెచ్చుకున్నాడు. ఇంకో విషయం చెప్తే మీరు నమ్మరు. 2019 ఫిబ్రవరి 3న అట్లాంటాలో జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే ఎన్ఎఫ్ఎల్ ఫైనల్లో, పేట్రియట్స్ 13-3తో రామ్స్‌ని ఓడించారు. సూపర్ బౌల్ చరిత్రలోనే అన్నిటికన్నా తక్కువ స్కోరు అది. ఆ ఆటలో 65 యార్డుల పంట్ కొట్టి అప్పటికి సూపర్ బౌల్ రికార్డు నెలకొల్పింది ఈ హెకరే. అది టీవీలో చూస్తున్నప్పుడు మా ఆవిడతో "ఈ అబ్బాయి కోర్వాలిస్‌లో మొదటి ఏడాది ఇదే పని చేశాడు" అని చెప్పి కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను.

ఆ ఒక్క ఫీల్డ్ గోల్ సంగతి. రెండో క్వార్టర్‌లో 2 నిమిషాల 18 సెకన్లు మిగిలుండగా మా కిక్కర్ జస్టిన్ కాహుట్ 44 యార్డుల నుంచి కొట్టాడు. దూరం ఎలా లెక్కిస్తారో తెలుసుకుంటే ఇంకా బాగుంటుంది. గోల్ కంబాలు ఎండ్ జోన్ వెనక ఉంటాయి, అది పది యార్డులు. బంతిని వెనక్కి అందించి నేలమీద నిలబెట్టే చోటు ఇంకో ఏడు యార్డులు వెనక. కాబట్టి 44 యార్డుల కిక్ అంటే డౌన్ మొదలైన గీత పిట్స్‌బర్గ్ 27 యార్డుల దగ్గర. పిట్స్‌బర్గ్ డిఫెన్స్ అంతకుముందు ఒక్క డౌన్‌లో మొయెవావోని ఎనిమిది యార్డులు వెనక్కి పడేసుంటే? ఆ కిక్ 52 యార్డులయ్యేది. కాలేజీ కిక్కర్ 44 కొట్టడం వేరు, 52 కొట్టడం వేరు. రైలీ బహుశా పంట్‌కే వెళ్లేవాడు. అప్పుడు ఆట 0-0గా ఓవర్‌టైమ్‌కి పోయేదేమో.

ఆ కిక్ తర్వాత ఇంకా 32 నిమిషాల 18 సెకన్ల ఆట మిగిలింది. అంతసేపూ మూడు పాయింట్ల ఆధిక్యం. ఎన్ని సినిమాలు చూసినా అంత సేపు గుండె గొంతులో పెట్టుకుని కూర్చున్నది నాకు గుర్తులేదు. ఒక్క టాకిల్ తప్పితే, పాస్ అందుకునేవాళ్లకి కాపలా కాసే ఒక్క కార్నర్‌బ్యాక్ కాలు జారితే, మెకాయ్‌కి ఒక్క సందు దొరికితే ఆట పోయినట్టే. 35-31 ఆటలో ఒక తప్పు జరిగితే సర్దుకోవడానికి ఇంకో అవకాశం వస్తుందని ఆటగాళ్లకి తెలుసు. 3-0 ఆటలో అలాంటి భరోసా ఎవరికీ లేదు.

ఆ 32 నిమిషాలు నిలబెట్టినవాళ్లలో మొదటి పేరు విక్టర్ బట్లర్. డిఫెన్సివ్ ఎండ్, అంటే లైన్ అంచున నిలబడి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాడు. నాలుగుసార్లు క్వార్టర్‌బ్యాక్‌ని బంతితో సహా పడేశాడు. ఆట ఉత్తమ ఆటగాడి బహుమతి అతనికే ఇచ్చారు. టచ్‌డౌన్ లేని ఆటలో క్వార్టర్‌బ్యాక్‌కో రన్నింగ్ బ్యాక్‌కో కాకుండా డిఫెన్స్ అంచుమీదివాడికి ఆ బహుమతి రావడం న్యాయం. రెండో అంచున స్లేడ్ నోరిస్. వీళ్లిద్దరూ రెండు వైపుల నుంచీ వస్తుంటే పిట్స్‌బర్గ్ క్వార్టర్‌బ్యాక్ బిల్ స్టల్‌కి కుదురుగా నిలబడే వీల్లేకపోయింది. 24 పాసులు విసిరితే 7 మాత్రమే చేరాయి, 52 యార్డులు.

ఎందుకు చేరలేదో టీవీలో సరిగా కనిపించదు, ఎందుకంటే కెమెరా బంతినే పట్టుకుని తిరుగుతుంది. కీనన్ లూయిస్, బ్రాండన్ హ్యూస్ అనే ఇద్దరు కార్నర్‌బ్యాక్‌లు పాసులు అందుకునే పిట్స్‌బర్గ్ రిసీవర్లకి ఎదురుగా, ముఖంలో ముఖం పెట్టినంత దగ్గరగా నిలబడి, ఒక్కొక్కణ్ణి ఒక్కొక్కరు పట్టుకోవడం బ్యాంకర్ పద్ధతి. ఇద్దరు రిసీవర్లని ఇద్దరే చూసుకుంటే మిగిలిన తొమ్మిది మంది చూపూ మెకాయ్ మీదికి తిప్పొచ్చు. మెకాయ్ 85 యార్డుల దగ్గర ఆగడానికీ, స్టల్ పాసులు చేరకపోవడానికీ మూలం ఒక్కటే. ఇది అదాటుగా జరిగింది కాదనడానికి ఇంకో రుజువుంది. బట్లర్, నోరిస్, లూయిస్, హ్యూస్, వెనక కాపలా కాసే సేఫ్టీ అల్ అఫలావా, ఈ అయిదుగురినీ 2009 ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్టులో, అంటే కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే చోట, జట్లు తీసుకున్నాయి. ఒక్క కాలేజీ డిఫెన్స్ నుంచి ఒకే ఏడాది అయిదుగురు.

అయితే అంతా డిఫెన్స్ గొప్పేనా? కాదు. ఇక్కడ మీ ల్యాబ్ పెద్దాయన నాతో ఒప్పుకోకపోవచ్చు. స్టల్ ఆ రోజు బాగా ఆడలేదు. మనిషి ఖాళీగా దొరికినప్పుడు కూడా బంతి సరిగా పడలేదు. మొయెవావో నలభైకి పైగా పాసులు విసిరాడు, వాటిలో సగానికి పైగా చేరలేదు. పిట్స్‌బర్గ్ కోచ్ డేవ్ వాన్‌స్టెడ్ జాగ్రత్తపరుడు, రైలీ ఆ రోజు అంతకన్నా జాగ్రత్తపరుడు. ఇప్పటి కోచ్‌లైతే నాలుగో డౌన్‌లో ఒక యార్డు, రెండు యార్డులు కావాలంటే పంట్ కొట్టరు, తెగించి ఆడతారు. ఈ పద్దెనిమిదేళ్లలో ఆ ఆలోచన బాగా మారింది. అదే ఆట ఇప్పుడు జరిగితే 20 పంట్లు పడవని నా నమ్మకం. 3-0 కూడా అవదేమో.

కాబట్టి స్కోరు తక్కువైన ప్రతి ఆటా గొప్పదని నేననను. ఎందుకు తక్కువైందన్నది చూడాలి. 2018 డిసెంబరు 26న ఫీనిక్స్‌లో చీజ్-ఇట్ బౌల్ జరిగింది. టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) 10, కాలిఫోర్నియా 7, అదీ ఓవర్‌టైమ్‌లో జొనాథన్ సాంగ్ కొట్టిన ఫీల్డ్ గోల్‌తో. ఆ ఆటలో రెండు జట్లూ కలిపి తొమ్మిది పాసులు ఎదుటివాళ్ల చేతిలో పెట్టాయి. రెండు డిఫెన్సులూ మంచివే, ముఖ్యంగా కాలిఫోర్నియాది. కానీ ఆ ఆటలో పాయింట్లు రాకపోవడానికి కారణం క్వార్టర్‌బ్యాక్‌ల తొందరపాటు. పక్కనున్నవాళ్లు నవ్వుకుంటూ చూశారు, నేనైతే ఆ కుర్రాళ్ల మీద జాలితో చూశాను. సన్ బౌల్‌లో బంతి అలా చేతులు మారలేదు. ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు పంట్ కొట్టి, గీత గీసి, "ఇక్కణ్ణుంచి రా చూద్దాం" అన్నట్టు ఆడారు.

ఇంకో కొస 1947 జనవరి 1 నాటి కాటన్ బౌల్. డాలస్‌లో మంచు వాన. ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 271 యార్డులు సంపాదించింది, ఆర్కాన్సా 54. పది యార్డులు పూర్తిచేసి తెచ్చుకునే ఫస్ట్ డౌన్లు ఎల్ఎస్‌యూకి 15, ఆర్కాన్సాకి ఒకే ఒక్కటి. స్కోరు 0-0. అన్ని యార్డులు తెచ్చుకున్న జట్టు గీత దాటలేకపోయింది, ఏమీ తెచ్చుకోని జట్టు గీత దగ్గర గోడలా నిలబడింది. స్కోరుబోర్డు ఒక్కటే చూసినవాడికి ఇందులో ఏం తెలుస్తుంది?

సున్నా సున్నా బౌల్ ఆట చివరిసారి జరిగింది 1959 జనవరి 1న, అదీ కాటన్ బౌలే, టీసీయూ ఎయిర్ ఫోర్స్ అకాడమీల మధ్య. ఆ తర్వాత మళ్లీ ఇంత తక్కువ స్కోరు మన 3-0దే. సన్ బౌల్ వరకే చూస్తే 1940లో ఒక 0-0 ఉంది. 1995 సీజన్ బౌల్ ఆటల నుంచి కాలేజీలో ఓవర్‌టైమ్ పెట్టారు కాబట్టి ఇక 0-0తో ఏ ఆటా ముగియదు. ఒక ఫీల్డ్ గోల్ తేడాతో ముగిసే 3-0 కన్నా తక్కువంటే 2-0 ఒక్కటే మిగిలింది.

ఒక సంగతి ఆయన మీకు చెప్పుంటారో లేదో. అదే స్టేడియంలో, అదే సన్ బౌల్‌లో, రెండేళ్ల ముందు 2006 డిసెంబరులో ఒరెగన్ స్టేట్ మిసౌరీని 39-38తో ఓడించింది. చివరి అరనిమిషంలో టచ్‌డౌన్ చేసి, ఒక పాయింటు తన్ని సమం చేసుకోకుండా రెండు పాయింట్లకి తెగించి, యెవెన్సన్ బెర్నార్డ్ బంతితో లోపలికి దూరాడు. అదే కోచ్ రైలీ. ఒకసారి తెగింపుతో, ఒకసారి ఓర్పుతో, రెండుసార్లూ ఒక్క నిర్ణయం దూరంలో గెలిచాడు. ఏది ఇష్టం అని నన్నడిగితే 39-38 చూస్తున్నప్పుడు ఎక్కువ ఆనందం, 3-0 తలుచుకున్నప్పుడు ఎక్కువ గర్వం.

ఇప్పుడు మీరు ఏం చేయాలో. పూర్తి ఆట రికార్డింగ్ ఎక్కడైనా దొరికితే హైలైట్స్ మూసేసి అది పెట్టండి. మొత్తం చూడలేకపోతే రెండో క్వార్టర్ ఒక్కటీ చూడండి. పక్కన ఒక కాగితం పెట్టుకుని, బంతి ఎవరి చేతిలోకి ఎప్పుడొచ్చినా ఏ గీత దగ్గర మొదలైందో రాయండి. పాయింట్లు రాయొద్దు. గీతలు మాత్రమే. పిట్స్‌బర్గ్ 20, ఒరెగన్ స్టేట్ 31, ఇలాగ. అయిదారు అంకెలు రాసేసరికి ఎవరు ఎవర్ని వెనక్కి తోస్తున్నారో కాగితం మీద కనబడుతుంది. నేను 2009లో మా ప్రొఫెసర్ సలహాతో ఇలాగే నేర్చుకున్నాను. ఆ కాగితం మీద గీతలు రాయడం మొదలుపెట్టాకే పంట్ కొట్టినప్పుడు టీవీ ముందునుంచి లేచి వెళ్లడం మానేశాను.

రెండో పని, బంతిని వదిలేసి లైన్ అంచున ఉన్న ఒక్కణ్ణి చూడండి. ఈ ఆటలోనైతే బట్లర్‌ని. బంతి కదిలిన క్షణంలో అతని మొదటి రెండు అడుగులు గమనించండి. అతణ్ణి అడ్డుకునే పిట్స్‌బర్గ్ లైన్ ఆటగాడి (టాకిల్) కాళ్లు వెనక్కి పడుతుంటే మిగతాది మీకు ముందే తెలిసిపోతుంది. కొంతసేపయ్యాక పాస్ చేరదని స్టల్ చేయి లేవకముందే చెప్పగలుగుతారు.

మూడోది, మూడో డౌన్‌ని వదలొద్దు. ఉప్పు కావాలన్నా, ఫోన్ మోగినా, మూడో డౌన్ అయ్యేదాకా కూర్చోండి. తక్కువ స్కోరు ఆటలో అక్కడే నిర్ణయం జరుగుతుంది. మూడో డౌన్‌లో రెండు యార్డులు కావాలంటే మెకాయ్ లాంటివాడి ఆట. మూడో డౌన్‌లో తొమ్మిది యార్డులు కావాలంటే బట్లర్ లాంటివాడి ఆట. మొదటి రెండు డౌన్లలో డిఫెన్స్ చేసే పనంతా ఆ రెండుని తొమ్మిదిగా మార్చడానికే.

ఆ పెద్దాయనతో మాట కలిసినప్పుడు కాహుట్ కిక్ గురించి అడక్కండి, అది అందరూ అడిగేదే. నవంబరు 29న రీసర్ స్టేడియంలో ఉన్నారా అని అడగండి. ఉంటే ఆయన ఆ 65 గురించి చెప్పడం మొదలుపెడతారు. సన్ బౌల్ గురించి ఆయన ఎందుకంత ఇష్టంగా మాట్లాడతారో అది వింటే మీకు తెలుస్తుంది. రికార్డింగ్ చూశాక రెండో క్వార్టర్‌లో మీ కాగితం మీద ఏ గీతలు పడ్డాయో ఇక్కడ రాయండి, నా పాత కాగితంతో పోల్చి చూద్దాం.